మొటిమల గుంటలకు ఏ చికిత్స? మెషీన్ పేరు కంటే ముందు గుంటను చూడండి

మొటిమలు తగ్గిపోయి ఏళ్లు గడిచినా అవి వదిలి వెళ్లిన గుంటలు మాత్రం అలాగే ఉండిపోతాయి. వాటికి చికిత్స కోసం వెతకడం మొదలుపెడితే ముందు ఎదురయ్యేవి మెషీన్ల పేర్లే: ఫ్రాక్షనల్ సీఓటూ, ఎంఎన్‌ఆర్‌ఎఫ్, పీకో, డెర్మాపెన్, పీఆర్‌పీ. ఏది మంచిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. వాళ్లందరూ చెప్పేది నిజమే కావచ్చు కూడా. ఒకరి ముఖం మీద బాగా పనిచేసిన లేజర్ ఇంకొకరి గుంట అడుగును అందుకోలేదు. గుంట ఎంత లోతుకు దిగింది, కింద దేనికి అతుక్కుని ఉంది, చర్మం రంగు ఏమిటి అన్నవాటిని బట్టి ఫలితం మారిపోతుంది. అందుకే ఈ పోలికను గుంటలతోనే మొదలుపెడుతున్నాను. మెషీన్ల సంగతి ఆ తర్వాత.

గుంటా, రంగు మచ్చా?

చాలామంది గుంటలనుకుని బాధపడేవాటిలో కొన్ని అసలు గుంటలే కావు. మొటిమ మానిన చోట చర్మం నల్లబడటం, గోధుమరంగుకు మారడం, ఎర్రగా ఉండిపోవడం మామూలే. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. నున్నగా తగిలితే అది రంగు మచ్చ. ఇవి కొన్ని నెలల్లో, ఒక్కోసారి ఏడాది దాటాక, వాటంతటవే పలచబడతాయి. రోజూ సన్‌స్క్రీన్ రాస్తూ, డాక్టర్ సలహాతో అజెలాయిక్ యాసిడ్ గానీ రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ గానీ వాడితే త్వరగా తగ్గుతాయి. ఎర్రదనం మొండికేస్తే రక్తనాళాల మీద పనిచేసే పల్స్‌డ్ డై లేజర్ ఉంది. వీటికోసం చర్మాన్ని కాల్చే సీఓటూ లేజర్ చేయించుకుంటే ఉన్న నలుపు పోకపోగా కొత్త నలుపు వచ్చే ప్రమాదం ఉంది. ఈ ఒక్క తేడా ముందే తెలిస్తే ఎంతోమందికి డబ్బూ టెన్షనూ తప్పుతాయి.

వేలికి పల్లం తగిలితే అద్దం ముందుకు వెళ్లండి. పైనున్న లైటు ఆర్పేసి, వెలుతురు ముఖానికి పక్కనుంచి పడేలా నిలబడండి. ఎదురు వెలుతురులో దాగిపోయే లోతులు అప్పుడు నీడలుగా కనిపిస్తాయి. డాక్టర్లు వీటిని ఆకారాన్ని బట్టి మూడు రకాలుగా చూస్తారు. 2001లో ప్రచురితమైన ఈ విభజననే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు.

సన్నగా, లోతుగా దిగినవి ఐస్ పిక్ గుంటలు. పైన వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, లోపల మాత్రం చర్మం అడుగు దాకా, ఒక్కోసారి కొవ్వు పొర దాకా వెళ్తాయి. గుంటలు పడిన మచ్చల్లో 60 నుంచి 70 శాతం ఇవేనని సాధారణంగా చెప్పే అంచనా. అంచులు నిటారుగా తెగి, అడుగు చదునుగా, ఒకటిన్నర నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండేవి బాక్స్‌కార్ గుంటలు. వీటిలో అర మిల్లీమీటరు లోపు లోతున్నవాటికీ, అంతకంటే లోతైనవాటికీ చికిత్స వేరు. మూడోవి రోలింగ్ గుంటలు. ఇవి 4, 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే వెడల్పుగా, అంచులు వాలుగా ఉండి చెంప మీద అలల్లా కనిపిస్తాయి. పరుపులో దూది కదలకుండా కుట్టు వేసిన చోట పల్లం పడుతుంది కదా, రోలింగ్ గుంట కూడా అలాంటిదే. చర్మాన్ని కింది పొరకు గట్టి పీచులు లాగి పట్టుకుని ఉంటాయి. పైన ఎంత నునుపు చేసినా ఆ పీచు తెగకపోతే పల్లం పైకి లేవదు.

ఇప్పుడు చెంపను రెండు వేళ్లతో మెల్లగా సాగదీయండి. సాగదీసినప్పుడు మాయమయ్యే గుంటలు రోలింగ్‌వో, లోతు తక్కువ బాక్స్‌కార్‌వో అయ్యే అవకాశం ఎక్కువ. ఎంత సాగదీసినా చుక్కలా నిలిచి ఉండేవి లోతైనవి. చాలా ముఖాల మీద మూడు రకాలూ కలిసే ఉంటాయి. అందుకే ముఖమంతటికీ ఒకే చికిత్స చాలని ఎవరైనా చెబితే నేను కాస్త ఆగి ఆలోచించమంటాను.

పల్లంగా కాకుండా ఉబ్బెత్తుగా, గట్టిగా ఉండే మచ్చలు వేరే దారి. దవడ, ఛాతీ, భుజాల మీద ఇవి ఎక్కువ. వీటికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మచ్చలోకే కొన్ని వారాల తేడాతో ఇస్తారు, సిలికాన్ జెల్ కూడా వాడతారు. కీలాయిడ్ తత్వం (గాయం మానిన చోట మచ్చ ఉబ్బి పెరిగే గుణం) ఉన్నవాళ్లు ఈ వ్యాసంలోని మిగతా చికిత్సల్లో దేనికైనా వెళ్లేముందు ఆ విషయం డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఇంకో మాట. ముఖం మీద మొటిమలు ఇంకా వస్తూనే ఉంటే గుంటల చికిత్సను వాయిదా వేయండి. కొత్త మొటిమ కొత్త గుంటను తెస్తుంది, చీము ఉన్న చోట సూదులు దించడం కూడా మంచిది కాదు. ముందు మొటిమలు అదుపులోకి రావాలి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆపేసిన 6 నెలల నుంచి ఏడాది దాకా ఏ చికిత్సా చేయించుకోకూడదని ఒకప్పుడు గట్టి నియమం ఉండేది. 2017లో నిపుణులు ఉన్న ఆధారాలను మళ్లీ పరిశీలించి, పైపై పీల్స్ (యాసిడ్‌తో చర్మం పైపొరను ఒలిచే చికిత్స), మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్లకు అంతకాలం ఆగాల్సిన అవసరానికి తగిన ఆధారం లేదని తేల్చారు. చర్మం పై పొర మొత్తాన్ని తీసేసే లేజర్‌కూ, మెషీన్‌తో అరగదీసే డెర్మాబ్రేషన్‌కూ మాత్రం ఆగడమే మేలన్నారు. పాత నియమాన్నే పాటించే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. అడిగి తెలుసుకోండి.

సూదితో చేసే మూడు పద్ధతులు

సబ్‌సిషన్‌కు ప్రచారం తక్కువ. పెద్ద మెషీన్ ఉండదు, మెరిసే లైట్లు ఉండవు. అయినా రోలింగ్ గుంటల విషయంలో నేను మొదట అడగమనేది దీని గురించే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చివర చిన్న కత్తిలా ఉండే సూదినో, మొద్దు కొస ఉన్న కాన్యులా అనే సన్నటి గొట్టాన్నో చర్మం కిందికి పంపి, గుంటను కిందికి లాగుతున్న పీచులను తెంపుతారు. చర్మం పైకి లేస్తుంది. ఖాళీ అయిన చోట చేరిన రక్తం గడ్డకట్టి, మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ (చర్మానికి బలాన్నిచ్చే ప్రోటీన్) ఏర్పడుతుంది. 1995లో అమెరికాకు చెందిన డేవిడ్, నార్మన్ ఒరెన్‌ట్రైక్ అనే చర్మ వైద్యులు ఈ పద్ధతిని వివరించి పేరు పెట్టారు. పైచర్మానికి వేడి తగలదు కాబట్టి చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవాళ్లకు కాలిన నలుపు భయం తక్కువ. ఇబ్బందల్లా కమిలిపోవడం. వారం నుంచి రెండు వారాలు నీలంగా, వాపుగా ఉండవచ్చు. కొందరిలో చిన్న గడ్డలు తగులుతాయి, అవి ఎక్కువగా నెమ్మదిగా కరుగుతాయి. ఒక్కసారితో సరిపోకపోతే నెలో, నెలన్నరో ఆగి మళ్లీ చేస్తారు. కణత, దవడ అంచుల్లో ముఖ నరాల కొమ్మలు పైపైన వెళ్తాయి కాబట్టి ఇది అనుభవం ఉన్న చేతితోనే జరగాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, వాటిని సొంతంగా ఆపకూడదు.

మైక్రోనీడ్లింగ్ అంటే సన్నటి సూదులతో చర్మం మీద వందల కొద్దీ రంధ్రాలు చేయడం. డెర్మాపెన్ దానికి వాడే పరికరమే. గాయం మాన్చుకునే పనిలో చర్మం కొల్లాజెన్ తయారుచేసుకుంటుంది. గుంటలకు సాధారణంగా ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల లోతు వాడతారు. మత్తు క్రీమ్ రాసి చేస్తారు, ఎర్రదనం రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. 4 నుంచి 6 వారాల తేడాతో 3 నుంచి 6 సిట్టింగ్‌లు పడతాయి. లోతు తక్కువ బాక్స్‌కార్, తేలికపాటి రోలింగ్ గుంటలకు, సెలవు పెట్టే వీలులేనివాళ్లకు ఇది నమ్మదగిన ఎంపిక. నలుపు వచ్చే ప్రమాదం కూడా సీఓటూ లేజర్ కంటే తక్కువ. ఐస్ పిక్ గుంటలకు మాత్రం దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వాటి అడుగు మరీ లోతు, సూది అక్కడిదాకా వెళ్లి చేయగలిగేది తక్కువ.

ఇంట్లో వాడే రోలర్ గురించి చాలామంది అడుగుతారు. 0.2, 0.3 మిల్లీమీటర్ల సూదులు పైపొర దగ్గరే ఆగిపోతాయి, గుంటలకు వాటివల్ల ఒరిగేది లేదు. అలాగని పెద్ద సూదుల రోలర్ తెప్పించుకుంటే అది ఇంట్లో చేసే పని కాదు. సరిగా శుభ్రం చేయని సూదుల వల్ల ఇన్‌ఫెక్షన్, ఎక్కువ ఒత్తిడి వల్ల వరుసలు వరుసలుగా కొత్త మచ్చలు రావచ్చు. తెరుచుకుని ఉన్న చర్మం మీద మామూలు సీరమ్‌లు రాస్తే అవి లోపలికి వెళ్లి గడ్డలు కట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఎంఎన్‌ఆర్‌ఎఫ్ (మైక్రోనీడ్లింగ్ రేడియోఫ్రీక్వెన్సీ)లో సూది కొసల నుంచి రేడియో తరంగాల వేడి చర్మం లోపలి పొరకు వెళ్తుంది. సూది పైభాగానికి రక్షణ పూత ఉన్న రకాల్లో పైచర్మానికి వేడి తక్కువగా తగులుతుంది కాబట్టి ముదురు రంగు చర్మానికి లేజర్ కంటే సురక్షితమని భావిస్తారు. మామూలు మైక్రోనీడ్లింగ్ కంటే లోతుగా పనిచేస్తుంది. దీన్ని చాలాచోట్ల ‘రిస్కే లేదు’ అని చెబుతుంటారు, ఆ మాట నమ్మవద్దు. కాలిన గాయాలు, మచ్చలు, ముఖంలో కొవ్వు తగ్గిపోవడం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదులు వచ్చాయని 2025లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. బుగ్గలు ఇప్పటికే పీక్కుపోయి ఉన్నవాళ్లు లోతు, శక్తి ఎంత పెడతారో ప్రత్యేకంగా అడగాలి.

ఐస్ పిక్ గుంటలకు యాసిడ్, పంచ్

ఐస్ పిక్ గుంటలు ఎక్కువగా ఉండి, లేజర్ల మీద లేజర్లు చేయించుకుని నిరాశపడినవాళ్లు తెలుసుకోవాల్సిన పేరు టీసీఏ క్రాస్. ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌ను 65 నుంచి 100 శాతం గాఢతతో, సన్నని పుల్లతో ఒక్కొక్క గుంట అడుగుకే తాకిస్తారు. కొన్ని సెకన్లలో ఆ చుక్క తెల్లబడుతుంది. తర్వాత చిన్న పక్కు కట్టి, వారం లోపు రాలిపోతుంది. లోపలి గోడలు మానుతూ కొల్లాజెన్‌తో నిండి గుంట ఇరుకవుతూ, పైకి వస్తుంది. 2002లో కొరియా వైద్యులు దీన్ని ప్రచురించారు. ముఖమంతా పూయరు కాబట్టి చుట్టూ ఉన్న మంచి చర్మం మిగులుతుంది, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. కొన్ని వారాల తేడాతో చాలాసార్లు చేయాల్సి ఉంటుంది.

దీని బలం, ప్రమాదం రెండూ ఆ గాఢతలోనే ఉన్నాయి. యాసిడ్ అంచు దాటి పాకితే గుంట వెడల్పై మునుపటికంటే అన్యాయంగా తయారవుతుంది. చుట్టూ నలుపు గానీ తెలుపు గానీ రావచ్చు. ముదురు రంగు చర్మానికి కొందరు డాక్టర్లు గాఢత తగ్గించి వాడతారు. ఈ యాసిడ్‌ను ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో ప్రయత్నించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క చుక్క ఎక్కువైతే జీవితాంతం ఉండే మచ్చ పడుతుంది.

కొన్ని లోతైన ఐస్ పిక్, బాక్స్‌కార్ గుంటలకు పంచ్ పద్ధతులే సరైనవి. గుంట సైజుకు సరిపడే గుండ్రటి బ్లేడుతో దాన్ని తీసేసి ఒక కుట్టు వేస్తారు, లేదా బాక్స్‌కార్ అడుగు బాగుంటే దాన్నే పైకి లేపి చుట్టూ ఉన్న చర్మంతో సమం చేస్తారు. చిన్న సర్జరీయే, కానీ పది గుంటలు లోతుగా ఉన్నవాళ్లకు నెలల తరబడి లేజర్ చేసే దానికంటే ఎక్కువ మేలు చేయగలదు. సన్నటి గీత మిగలవచ్చు, దాన్ని తర్వాత లేజర్‌తో కలిపేస్తారు.

లేజర్లు

లేజర్‌తో చర్మం మొత్తాన్ని కాల్చకుండా, చుక్కలు చుక్కలుగా మాత్రమే గాయం చేసి మధ్యలో మంచి చర్మాన్ని వదిలేసే ఫ్రాక్షనల్ పద్ధతి 2004లో వచ్చింది. చుట్టూ మిగిలిన మంచి చర్మం వల్ల గాయం త్వరగా మానుతుంది. 10,600 నానోమీటర్ల సీఓటూ, 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్లు చర్మాన్ని ఆవిరి చేసి సన్నటి బావులు తవ్వుతాయి. 1,550 నానోమీటర్ల వంటివి పైపొరను తీయకుండా లోపల వేడి పుట్టిస్తాయి. పీకో లేజర్ ఇంకా తక్కువ సమయం తాకి, తక్కువ వేడితో పనిచేస్తుంది.

ఒక్క సిట్టింగ్‌కు ఎక్కువ మార్పు చూపగలిగేది వీటిలో సీఓటూ. బాక్స్‌కార్ అంచుల పదును తగ్గించడంలో, మొత్తం చర్మాన్ని నునుపు చేయడంలో దాని పనితనం బాగుంటుంది. దానికి మూల్యం కూడా ఉంది. వారం దాకా ముఖం ఎర్రగా, పక్కులు కట్టి ఉంటుంది, ఎర్రదనం ఇంకా వారాలు ఉండవచ్చు. చామనఛాయ, నల్లని చర్మంలో ఆ తర్వాత నల్లబడటం చాలా సాధారణం. అది ఎక్కువగా నెలల్లో తగ్గిపోతుంది, కానీ ఆ నెలలు మనిషికి ఎంత భారంగా గడుస్తాయో అనుభవించినవాళ్లకే తెలుసు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు లేజరే కావాలనుకుంటే పైపొరను తీయని రకంతో గానీ, తక్కువ చుక్కల సాంద్రతతో గానీ మొదలుపెట్టి, సిట్టింగ్‌లు ఎక్కువైనా సరే నెమ్మదిగా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. పెదవుల దగ్గర హెర్పీస్ వైరస్ వల్ల నీటిపొక్కులు వచ్చే అలవాటు ఉంటే ముందే చెప్పండి, లేజర్‌కు ముందు ఆ వైరస్‌ను అణిచే మాత్రలు ఇస్తారు.

ఫిల్లర్లు, పీఆర్‌పీ, పీల్స్, క్రీములు

సాగదీస్తే మాయమయ్యే మెత్తని గుంటలకు హయాల్యురోనిక్ యాసిడ్ ఫిల్లర్ (పల్లాన్ని పైకి లేపడానికి చర్మం కింద ఎక్కించే జెల్) వెంటనే తేడా చూపిస్తుంది. సబ్‌సిషన్ చేసిన చోటే వేస్తే తెగిన పీచులు మళ్లీ అతుక్కోకుండా కూడా ఉపయోగపడుతుంది. అది కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర వరకే ఉంటుంది. శాశ్వతంగా ఉండే పీఎంఎంఏ (సూక్ష్మ ప్లాస్టిక్ గుళికల) ఫిల్లర్‌కు చెంపల మీది మొటిమల గుంటల కోసం 2014లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. శాశ్వతమనేది ఆకర్షణే, అయితే గడ్డ కడితే దాన్ని కరిగించే మందు లేదు. హయాల్యురోనిక్ ఫిల్లర్‌నైతే హయాల్యురోనిడేజ్‌తో కరిగించవచ్చు. అందుకే మొదటిసారి వేయించుకునేవాళ్లకు కరిగేదే మంచిది. అరుదైనా, ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవడం, చూపు పోవడం దాకా వెళ్లవచ్చు. కరిగించే మందు చేతిలో ఉంచుకోని చోట ఫిల్లర్ వేయించుకోకండి.

పీఆర్‌పీ మీ రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం. మైక్రోనీడ్లింగ్‌తోనో లేజర్‌తోనో కలిపితే కొంత అదనపు మేలు ఉందని అధ్యయనాలు చెబుతాయి, ఒంటరిగా గుంటలను పూడ్చదు. ప్యాకేజీలో ఏదైనా తగ్గించాల్సి వస్తే నేను ముందు తీసేసేది ఇదే. గ్లైకాలిక్, సాలిసిలిక్ పైపై పీల్స్ రంగుకు, మొటిమలకు మంచివి, లోతుకు కావు.

క్రీములను తేలిగ్గా తీసేయకండి. రెటినాయిడ్ రకమైన టాజరోటిన్ 0.1 శాతం జెల్‌ను మైక్రోనీడ్లింగ్‌తో పోల్చి 2019లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో రెండింటి ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. అడాపలీన్ అనే మరో రెటినాయిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ కొత్త గుంటలు పడకుండా తగ్గిస్తుందని కూడా తేలింది. నెలల ఓపిక కావాలి, మొదట్లో మంట, పొట్టు లేవడం ఉంటాయి. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాయిడ్లు వాడకూడదు.

ఇక ఎంపిక

మీవి ఎక్కువగా రోలింగ్ గుంటలైతే సబ్‌సిషన్ లేని ప్లాన్‌ను అంగీకరించే ముందు ఎందుకు లేదో అడగండి. ఐస్ పిక్ ఎక్కువైతే టీసీఏ క్రాస్ గానీ పంచ్ గానీ ముందుండాలి. లోతు తక్కువ బాక్స్‌కార్‌కు మైక్రోనీడ్లింగ్, ఎంఎన్‌ఆర్‌ఎఫ్, లేజర్ మూడూ సరిపోతాయి, అక్కడ చర్మం రంగును, మీకు దొరికే సెలవును బట్టి ఎంచుకోవచ్చు. అన్నీ కలిసి ఉంటే మామూలుగా కింది పీచులను ముందు తెంపి, లోతైన చుక్కలను విడిగా చూసుకుని, చివరగా మొత్తం చర్మాన్ని సూదులతోనో లేజర్‌తోనో సమం చేస్తారు. కొందరు డాక్టర్లు ఒకే సిట్టింగ్‌లో రెండు మూడు కలిపి చేస్తారు, అదీ సరైనదే.

ఏది ఎంచుకున్నా గుంటలు పూర్తిగా పోవు. సగమో, సగం కంటే కొంచెం ఎక్కువో తగ్గితే అది మంచి ఫలితం. పక్కనుంచి వెలుతురు పడినా నీడలు మెత్తబడటమే గుర్తు. కొల్లాజెన్ పెరగడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది కాబట్టి రెండో వారంలో అద్దం చూసి తీర్పు చెప్పుకోకండి. మొదటి రోజుల్లో వాపు వల్ల గుంటలు పూడినట్టు కనిపించి, వాపు తగ్గాక మళ్లీ కనిపిస్తే చాలామంది కుంగిపోతారు. చికిత్స విఫలమైందని దానర్థం కాదు. మొదలుపెట్టే ముందే ఒకే చోట, ఒకే వెలుతురులో, మేకప్ లేకుండా ఫొటోలు తీసి పెట్టుకోండి. 6 నెలలకు పోల్చడానికి అవే ఆధారం.

డాక్టర్‌ను కలిసినప్పుడు నా ముఖం మీద ఏ రకం గుంటలు ఎక్కువ అని అడగండి. చర్మాన్ని తాకి, సాగదీసి, వెలుతురు మార్చి చూశాక వచ్చే జవాబుకు విలువ ఎక్కువ. నా రంగు చర్మం ఉన్నవాళ్లకు ఇది ఎంతమందికి చేశారు, నల్లబడితే ఏం చేస్తారు, సూది పట్టేది మీరేనా అని కూడా అడగండి. ఇవి అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. అన్ని సిట్టింగ్‌ల డబ్బూ ముందే కట్టమంటే, మొదటి రెండింటి ఫలితం చూశాక మిగతావి అనడం మీ హక్కు.

చికిత్స తర్వాత ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాయాలి, ముదురు రంగు చర్మానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు. పక్కులను గిల్లకండి, డాక్టర్ చెప్పేదాకా రెటినాయిడ్ మళ్లీ మొదలుపెట్టకండి. నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చీము పట్టినా, నీటిపొక్కుల గుంపు లేచినా మరుసటి సిట్టింగ్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. ఫిల్లర్ తర్వాత చర్మం తెల్లగా పాలిపోయినా, వల అల్లినట్టు నీలంగా మారినా, చూపు మసకబారినా నిమిషాల్లో ఆస్పత్రికి చేరాలి.